హార్మోనియం నేర్చుకునేవారికి నాలుగు మాటలు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన వార్షిక సభల్లో సాధారణంగా పిల్లల చదువులు, స్కాలర్‌షిప్పులు, వైద్య శిబిరాలు, పేదింటి ఆడపిల్లల పెళ్లిళ్లు, వీటిని గురించే మాట్లాడుకుంటాము. అవే మాట్లాడుకోవాలి కూడా. అయితే ఈసారి కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, “పిల్లలు హార్మోనియం నేర్చుకుంటామని అడుగుతున్నారు, పెద్దలేమో తటపటాయిస్తున్నారు. మీరు కొన్నేళ్లుగా నేర్పుతున్నారు గదా, అటువారికీ ఇటువారికీ పనికొచ్చేట్టు నాలుగు మాటలు చెప్పండి” అన్నారు. నాలుగు మాటలన్నారు గాని, సంగీతం తెలిసినవాడి చేతికి మైకు ఇస్తే నాలుగుతో ఆగడని వారికి తెలియదు. అయినా సాధ్యమైనంత క్లుప్తంగా చెప్పడానికి ప్రయత్నిస్తాము.

ముందుగా పెద్దల తటపటాయింపు సంగతి. వాద్యాల విషయంలో మన ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలు ఈనాటివి కావు. వాద్యమే వద్దనేవారున్నారు. దఫ్ వరకు పరవాలేదనేవారున్నారు. చిష్తీ బుజుర్గుల దర్గాలలో సమా మహఫిళ్లు తరతరాలుగా నడుస్తూనే ఉన్నాయి. ఇందులో తీర్పు చెప్పేటంత ఇల్ము మాకు లేదు, ఆ సాహసమూ చేయము. ఎవరింటి పద్ధతి వారిది. మేము చేసే మనవి ఒక్కటే. ఇంట్లో పెద్దలు వద్దంటే పిల్లవాడు దొంగచాటుగా నేర్చుకోవద్దు. పెద్దలు సరేనంటే మాత్రం అరకొరగా కాక, పద్ధతిగా నేర్పించండి. వాద్యం వద్దనుకునే ఇంటివారు కూడా దయచేసి లేచిపోవద్దు. మేము చెప్పబోయేదానిలో సగం గొంతును గురించే. వాద్యం లేకుండా హమ్ద్, నాత్ చదివే పిల్లలకు కూడా ఆ సగం పనికొస్తుంది.

ఇక్కడ ఒక పెద్దమనిషి సంగతి చెప్పాలి. సంగీత దర్శకులు నౌషాద్ అలీగారి పేరు వినని ఇల్లు ఉండదు. ఆయన 1919 లో లక్నోలో పుట్టారు. కుర్రవాడుగా ఉన్నప్పుడు వాద్యాలమ్మే దుకాణంలో హార్మోనియంలు బాగుచేసే పనిలో చేరి, ఆ సందున వాయించడం నేర్చుకున్నారు. తండ్రికి అది బొత్తిగా ఇష్టం లేదు. ఇల్లు కావాలో సంగీతం కావాలో తేల్చుకోమన్నారు. కుర్రవాడు 1937 లో బొంబాయి వెళ్లిపోయాడు. ఆ తరువాత ‘బైజూ బావ్‌రా’ (1952), ‘మొఘలే ఆజమ్’ (1960) వంటి చిత్రాలతో ఆయన ఎంతవారయ్యారో మీకు తెలుసు. 1981 కి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం కూడా వచ్చింది. ఇది విని, ఇల్లు విడిచి పొండని పిల్లలకు చెబుతున్నామనుకునేరు. ఇది పెద్దలకు చెబుతున్న మాట. నౌషాద్ అలీగారు నిలదొక్కుకున్నారు గనుక మనం వారి పేరు చెప్పుకుంటున్నాము. అలా వెళ్లి నిలదొక్కుకోలేకపోయిన పిల్లల పేర్లు మనకు తెలియవు. అవునన్నా కాదన్నా, పిల్లవాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఇల్లా సంగీతమా అన్న ప్రశ్న ఏ పిల్లవాడి ముందూ పెట్టకండి.

మన ప్రాంతంలో సంగీతం మనవారికి పరాయిదేమీ కాదు. నాదస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానాగారు 1924 లో ఇప్పటి ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టారు. శ్రీరంగంలో స్థిరపడి, 1977 లో పద్మశ్రీ, 1998 లో మద్రాసు మ్యూజిక్ అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. బుర్రకథ పితామహులనిపించుకున్న షేక్ నాజర్‌గారు 1920 లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు, 1986 లో పద్మశ్రీ అయ్యారు. నాదస్వర దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ మహబూబ్‌గార్లకు 2020 లో పద్మశ్రీ వచ్చింది. వీరెవరూ హార్మోనియంతో పేరు తెచ్చుకున్నవారు కాదు. అయినా వీరి పేర్లు ఎందుకు తలచుకున్నామంటే, సామాన్య కుటుంబాల పిల్లలు క్రమంగా కూర్చుని నేర్చుకుంటే ఎంతదూరం పోవచ్చునో వీరిని చూస్తే తెలుస్తుంది. క్రమంగా కూర్చోవడం అన్న మాట గుర్తుంచుకోండి, మళ్లీ దానికే వస్తాము.

ఇక హార్మోనియం సంగతి. దీని పుట్టుక మన దేశంలో కాదు. 1840 ప్రాంతంలో పారిస్‌లో అలెగ్జాండర్ డెబైన్ అనే ఆయన దీనికి ఆ పేరుపెట్టి పేటెంటు పుచ్చుకున్నాడు. అది కాళ్లతో తొక్కే పెద్ద పెట్టె, కుర్చీలో కూర్చుని వాయించాలి. మనది నేలమీద చాప వేసుకుని కూర్చునే దేశం గదా. 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ అనే ఆయన, ఒక చేత్తో తిత్తి ఊదుతూ రెండో చేత్తో వాయించుకునేట్టు చిన్న పెట్టె తయారుచేశాడు. అప్పటినుంచి అది మన ఇంటిమనిషైపోయింది. 1885 లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకాలలోను, ఆంధ్రదేశమంతటా రాత్రి తెల్లవార్లూ సాగిన పద్యనాటకాలలోను హార్మోనిస్టు లేనిదే తెర లేవదు. అమీర్ ఖుస్రో 1325 లో కన్నుమూశారు. అంటే ఖవ్వాలీ ఐదువందల ఏళ్లకు పైగా హార్మోనియం లేకుండానే బతికింది. అటువంటి ఖవ్వాలీని ఈనాడు హార్మోనియం లేకుండా ఊహించుకోలేకపోతున్నాము. పూర్వం సారంగి పెట్టుకునేవారు. రాగం మారినప్పుడల్లా దాని తీగలు మళ్లీ సరిచేసుకోవాలి. హార్మోనియానికి ఆ బాధ లేదు.

ఇంత ఆదరణ పొందిన పెట్టెను ఒకప్పుడు రేడియోలోకి రానివ్వలేదంటే పిల్లలకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఆలిండియా రేడియోవారు 1940 మార్చి 1 నుంచి దీన్ని నిషేధించారు. రవీంద్రనాథ్ టాగూరుగారికి కూడా హార్మోనియమంటే గిట్టేది కాదు. ముప్పయ్యేళ్లు గడిచాక 1971 లో గాని ఆ నిషేధం సడలలేదు. నేర్చుకునేవాడు దీని గొప్పతనంతోపాటు ఈ నింద కూడా తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ నింద పూర్తిగా అబద్ధం కాదు.

నింద ఏమిటంటే, మన సంగీతంలో స్వరానికి స్వరానికి మధ్య జారుడు ఉంటుంది, ఊపు ఉంటుంది. కర్ణాటక సంగీతంలో గమకమంటారు, హిందుస్థానీలో మీండ్ అంటారు. గొంతులో అది పలుకుతుంది, ఫిడేలులో పలుకుతుంది. హార్మోనియంలో పలకదు. ఒక మెట్టు వదిలి ఇంకో మెట్టు నొక్కాలి, మధ్యలో ఏమీ లేదు. ఇంకొక లోపం, స్థాయిని పన్నెండు సమాన భాగాలుగా కోసి మెట్లు అమర్చారు. తంబూరా జాగ్రత్తగా మీటి వింటే అందులో తనంతట తానే ఒక గాంధారం వినిపిస్తుంది. హార్మోనియం గాంధారం దానికంటే పిసరంత పైన ఉంటుంది. పంచమం దాదాపు సరిపోతుంది. వింటున్నవారిలో నూటికి తొంభైమంది దీన్ని పట్టించుకోరు, మొదట్లో మీరూ పట్టించుకోనక్కరలేదు. కాని ఒక సంగతి మాత్రం మనసులో ఉంచుకోవాలి. హార్మోనియం పాటకు తోడు మాత్రమే, గురువు కాదు.

ఈ ఒక్క మాట చెప్పడానికే ఇంతదూరం వచ్చాము. ఫిడేలు నేర్చుకునేవాడికి స్వరం సిద్ధంగా ఉండదు. వేలితో వెతుక్కోవాలి, తప్పితే చెవి తిడుతుంది, అలా చెవి తయారవుతుంది. హార్మోనియంలో స్వరం వండి వడ్డించి ఉంటుంది. మెట్టు మీద వేలు పడితే చాలు, పలుకుతుంది. అందువల్ల చెవికి పని లేకుండా పోతుంది. మా దగ్గరికి ఒక అబ్బాయి వచ్చాడు. చురుకైనవాడు. ఫోనులో వీడియోలు చూసి పదిహేను రోజుల్లో రెండు సినిమా పాటలు గడగడా వాయిస్తున్నాడు. ఇంట్లో అందరూ షాబాష్ అంటున్నారు. మేము పెట్టె మూసేసి, “బేటా, ఇప్పుడు సా పట్టుకో” అన్నాము. పట్టుకోలేకపోయాడు. పెట్టె తెరిచి షడ్జం వినిపించి, “రి ఎక్కడుంది?” అంటే చేత్తో మెట్టు చూపించాడు గాని గొంతుతో చూపించలేకపోయాడు. వాడికి పాట రాలేదు, పాట తాలూకు మెట్ల వరస వచ్చింది. మరుసటి రోజునుంచి వాడు మొదటినుంచి మొదలుపెట్టాడు. సిగ్గుపడకుండా మొదలుపెట్టాడు గనుక ఇవాళ పదిమందికి శ్రుతి అందించగలుగుతున్నాడు.

అందుచేత మేము పిల్లలకు చెప్పే సూత్రం, ముందు గొంతు, తరువాత వేలు. ఇది ఎలా అమలుచేయాలో వివరంగా చెబుతాము. రాసుకునేవాళ్లు రాసుకోండి.

మొదటి వారం పాట లేదు, వరసలు లేవు. కూర్చోవడం, తిత్తి, షడ్జం, ఇంతే. పెట్టెను ఎదురుగా చాప మీద ఉంచి మఠం వేసుకుని నిటారుగా కూర్చోవాలి. కుడిచెయ్యి మెట్ల మీద, ఎడమచెయ్యి వెనుక తిత్తి మీద. ముందువైపు స్టాపర్లు ఉంటాయి. ఒకటి రెండు లాగితే రీడ్లకు గాలిదారి తెరుచుకుంటుంది. కొన్ని పెట్టెల్లో వాటిలో సగం అలంకారానికే. ఎక్కువ స్టాపర్లున్న పెట్టె గొప్పదనుకోవద్దు. లోపల స్ప్రింగులున్న మరో తిత్తి ఉంటుంది. మనం వెనుక తిత్తితో పంపిన గాలి అందులో నిలవై, అక్కడినుంచి ఒకే ఒత్తిడితో ఇత్తడి రీడ్ల మీదుగా పోతుంది. కనుక సైకిలుకు గాలి కొట్టినట్టు దబదబా కొట్టనక్కరలేదు. నిద్రపోయే పసిబిడ్డను జోకొట్టినట్టు నెమ్మదిగా, ఆపకుండా ఊదాలి. గాలి ఎగుడుదిగుడైతే స్వరం వణుకుతుంది, దాన్ని పట్టుకుని పాడేవాడి గొంతూ వణుకుతుంది.

ఈ తిత్తి విషయంలో మేము చూసిన శిష్యులందరిలోకీ మంచి చెయ్యి ఒక దర్జీ చాచాది. అరవై దాటాక, కొడుకులకు దుకాణం అప్పగించాక, నేర్చుకుంటానని వచ్చారు. వేళ్లు బిగుసుకుపోయి మెట్ల మీద సరిగా తిరిగేవి కావు. కాని జీవితమంతా కుట్టుమిషను తొక్కినవారు. గుడ్డ జారకుండా, దారం తెగకుండా, ఒకే నడక. ఆ నడక ఎడమచేతిలోకి వచ్చేసింది. ఆయన షడ్జం నొక్కి ఊదుతుంటే గదిలో గీత గీసినట్టుండేది. చేతిపని చేసేవారికి సంగీతం రాదనేవారు ఆయన్ను చూసి ఉండవలసింది.

ఇక మెట్ల గుర్తులు. నల్లమెట్లు రెండు ఒక జట్టుగా, మూడు ఒక జట్టుగా ఉంటాయి. రెండు నల్లమెట్ల జట్టుకు సరిగ్గా ఎడమపక్కనున్న తెల్లమెట్టును మనవారు ‘ఒకటి శ్రుతి’ అంటారు. దాని పక్క నల్లమెట్టు ఒకటిన్నర, తరువాతి తెల్లమెట్టు రెండు, ఆ పక్క నల్లది రెండున్నర. మూడుకు, నాలుగుకు మధ్య నల్లమెట్టు లేదు, కనుక మూడున్నర లేదు. నాలుగు, నాలుగున్నర, ఐదు, ఐదున్నర, ఆరు, ఆరున్నర, ఏడు. అంతటితో పన్నెండూ అయిపోయి మళ్లీ ఒకటి వస్తుంది. ఖవ్వాలీవారి దగ్గర కూర్చుంటే వేరే లెక్క వింటారు. మన ఒకటి వారికి సఫేద్ ఏక్, మన ఒకటిన్నర వారికి కాలీ ఏక్. పేర్లు వేరు, మెట్టు ఒక్కటే. కంగారుపడనక్కరలేదు.

ఏ శ్రుతిలో నేర్చుకోవాలి అని అందరూ అడుగుతారు. ఎవరి గొంతుకు ఏది హాయిగా ఉంటే అది. మగవారికి ఒకటి మొదలు రెండు దాకా, ఆడవారికి ఐదు, ఆ చుట్టుపక్కల సాధారణంగా కుదురుతుంది. ఇంట్లో అన్న ఒకటి శ్రుతిలో పాడుతున్నాడని చెల్లెలి చేత కూడా అదే శ్రుతిలో పాడించి గొంతు నొక్కేయవద్దు. పదమూడు పద్నాలుగేళ్ల మగపిల్లలకు గొంతు మారే రోజుల్లో బలవంతం పెట్టకండి. ఆ నాలుగు నెలలు వేళ్లకు పని చెప్పి గొంతుకు విశ్రాంతి ఇవ్వండి.

రెండో వారం సా, పా, పై సా. ఈ మూడింటికి చెవి కుదిరితే తక్కినవి వాటి మధ్య సర్దుకుంటాయి. అభ్యాసం ఇలా. షడ్జం నొక్కి పట్టి, దానిలో గొంతు కలిసిపోయేదాకా పాడాలి. కలిసినప్పుడు మీ గొంతు మీకు వేరుగా వినపడదు. అప్పుడు మెట్టు వదిలేయాలి. పెట్టె మౌనంగా ఉండగా పంచమాన్ని గొంతుతో వెతకాలి. దొరికిందనుకున్నాక మెట్టు నొక్కి సరిచూసుకోవాలి. ఇంతకుముందు చెప్పిన సూత్రం ఇదే. మెట్టు జవాబు చెప్పేది, లెక్క చేయవలసింది గొంతు. లెక్కల పుస్తకంలో జవాబులు చివరి పేజీలో ఉంటాయి. ముందే చివరి పేజీ చూసేవాడికి లెక్కలొస్తాయా?

మూడో వారంనుంచి సరళీ వరసలు. మన తెలుగుదేశంలో మాయామాళవగౌళతో మొదలుపెట్టడం ఆనవాయితీ, పురందరదాసులవారు ఏర్పరచిన పద్ధతి అంటారు. ఒకటి శ్రుతిలో షడ్జం తెల్లమెట్టు, రిషభం దాని పక్క నల్లమెట్టు. తరువాత రెండు మెట్లు వదిలేసి తెల్లమెట్టు గాంధారం, దాని పక్క తెల్లది మధ్యమం, తరువాతి తెల్లది పంచమం, దాని పక్క నల్లది ధైవతం, మళ్లీ రెండు వదిలి తెల్లది నిషాదం, పక్కనే పై షడ్జం. గమనించారా, కింద సగం ఎలా నడిచిందో పై సగమూ అలాగే నడిచింది. సా రి గ మ ఒప్పజెప్పగలిగినవాడికి ప ద ని స సగం వచ్చినట్టే. హిందుస్థానీవారు బిలావల్‌తో మొదలుపెడతారు. ఒకటి శ్రుతిలో అది అన్నీ తెల్లమెట్లే, వేళ్లకు తేలిక. ఏదైనా మంచిదే. ఉస్తాదు ఏది చెబితే అది పట్టుకోండి. ఇవాళ ఇది, రేపు అది అంటూ రెండు పడవల మీద కాళ్లు పెట్టవద్దు.

వేళ్ల సంగతి. చూపుడువేలు ఒక్కదానితో పిచ్చుక గింజలు ఏరుకున్నట్టు పొడవడం మొదలుపెట్టారంటే జన్మంతా అదే అలవాటు. ఒకటి శ్రుతిలో సా మీద బొటనవేలు, రి మీద చూపుడువేలు, గ మీద నడిమివేలు. ఇప్పుడు బొటనవేలిని వేళ్ల కిందుగా లోపలికి తెచ్చి మ మీద వేయాలి. ప చూపుడువేలు, ద నడిమివేలు, ని ఉంగరంవేలు, పై సా చిటికెనవేలు. దిగేటప్పుడు అదే దారిన వెనక్కి. మాయామాళవగౌళకూ బిలావల్‌కూ ఇదే వేళ్ల వరస సరిపోతుంది. ఐదు శ్రుతిలో మాత్రం నిషాదం నల్లమెట్టు మీద పడుతుంది, అక్కడ వేళ్లు ఎలా సర్దుకోవాలో ఎదురుగా కూర్చుని చూపించాలి. ఇంకొక మాట, మెడ వంచి మెట్లకేసి చూస్తూ వాయించవద్దు. వారానికి ఒకరోజు కళ్లు మూసుకుని వరసలు వాయించండి. తప్పులు వస్తాయి, రానివ్వండి. తప్పు పడ్డ వేలు దారి నేర్చుకుంటుంది.

రోజుకు ఎంతసేపు? ఇరవై నిమిషాలు చాలు. కాని రోజూ ఇరవై నిమిషాలు. ఆరురోజులు మానేసి ఆదివారం రెండు గంటలు కూర్చుంటే రాదు. అసర్‌కు మగ్రిబ్‌కు మధ్య వేళ పిల్లలకు అనుకూలం. అజాన్ వినపడగానే పెట్టె మూసి లేవాలి. పక్కింట్లో ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే ఆ రోజు వాయించవద్దు. సంగీతం నేర్చుకునేవాడి మీద ఇరుగుపొరుగుకు మంచి అభిప్రాయం ఉండాలి. లేకపోతే సంగీతానికే చెడ్డపేరు.

“సార్, పాట ఎప్పుడు చెబుతారు?” ఇది పదో రోజున ప్రతి పిల్లా పిల్లవాడూ అడిగే ప్రశ్న. సరళీ వరసలు, జంట వరసలు తడబడకుండా రెండు కాలాల్లో వస్తే, మామూలుగా మూడు నాలుగు నెలలకు, పాట మొదలుపెట్టవచ్చు. మొదటి పాట మీకు కంఠతా వచ్చిందై ఉండాలి. ఇక్బాల్‌గారు 1904 లో రాసిన ‘తరానా-ఎ-హిందీ’ స్కూలులో పాడని పిల్లలుండరు. దాన్ని ముందు పెట్టె లేకుండా పాడండి. పాడుతూ ఒక్కొక్క మాట ఏ స్వరం మీద నిలుస్తున్నదో గొంతుతో కనిపెట్టండి. తరువాతే మెట్ల మీదికి రండి. కాగితం మీద స్వరాలు రాసి ఇమ్మని అడిగితే మేము ఇవ్వము. రాసి ఇచ్చిన పాట ఒక్కటే వస్తుంది. వెతికి పట్టుకున్న పాట పది పాటలను వెంటబెట్టుకొస్తుంది.

ఈమధ్య పిల్లలు, “ఫోనులోనే తంబూరా శ్రుతి వస్తున్నది, ఎలక్ట్రానిక్ కీబోర్డు చవకగా దొరుకుతున్నది, ఈ బరువు పెట్టె దేనికి?” అంటున్నారు. ఫోనులో శ్రుతి పెట్టుకుని సాధన చేయండి, మంచిదే. కీబోర్డుమీద మెట్ల గుర్తులూ తెలుస్తాయి. కాని హార్మోనియంలో స్వరానికి ఊపిరి మీ ఎడమచేతినుంచే పోవాలి. చెయ్యి ఆగితే స్వరం ఆగుతుంది. పాడేవాడు ఊపిరి తీసుకునే చోట మీ తిత్తి కూడా తగ్గుతుంది, అతడు గొంతెత్తితే మీరూ ఎత్తుతారు. ఇది నొక్కితే మోగే యంత్రంలో అలవడదు.

పెట్టె కొనేవారికి రెండు జాగ్రత్తలు. స్టాపర్లన్నీ మూసి, లోపలి తిత్తి నిండేదాకా గాలి పట్టి చూడండి. గాలి అలాగే నిలిచి ఉండాలి. గబగబా దిగిపోతే ఎక్కడో కారుతున్నట్టు. తరువాత ఒక్కొక్క మెట్టు విడిగా నొక్కి వినండి. బొంగురుపోయినా, వదిలాక కూడా మోగుతున్నా తీసుకోవద్దు. మూడు స్థాయిల మామూలు పెట్టె చాలు. మెట్ల పలక పక్కకు జరిపి శ్రుతి మార్చుకునే ‘స్కేల్ ఛేంజర్’ నేర్చిన తరువాత మాట. పాతది దొరికితే మరీ మంచిది, నేర్చినవారిని వెంటబెట్టుకుని వెళ్లండి. ఇంట్లో చెమ్మ తగలనిచోట, ఎలుకలు చేరనిచోట గుడ్డ కప్పి ఉంచండి. రీడు శ్రుతి తప్పితే మీరు గీకవద్దు. కొన దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది, ఎక్కువ గీకితే రీడు పోతుంది. పని తెలిసినవారి చేతికి ఇవ్వండి.

చివరిగా, నేర్చుకుని ఏం చేయాలి? అందరూ పేరుపొందిన కళాకారులు కానక్కరలేదు. హార్మోనియం వాయించేవాడి గొప్పతనం పక్కన కూర్చోవడంలో ఉంది. నుస్రత్ ఫతే అలీఖాన్‌గారి గొంతు ప్రపంచమంతా విన్నది. ఆ గొంతు పక్కనే హార్మోనియం పట్టుకుని, తానూ పాడుతూ కూర్చున్నది ఆయన తమ్ముడు ఫర్రూఖ్ ఫతే అలీఖాన్‌గారు. నాటకంలో నటుడు పద్యం మధ్యలో ఊపిరాడక ఆగితే హార్మోనిస్టు ఆ స్వరాన్ని నిలబెట్టి ఉంచుతాడు, చూసేవారికి ఆగినట్టే తెలియదు. చప్పట్లు నటుడికి పడతాయి. ఆ చప్పట్లలో తన వంతు తనకు తెలిసి, నోరెత్తకుండా తరువాతి పద్యానికి శ్రుతి అందించేవాడే మంచి హార్మోనిస్టు. ముందుకు తోసుకుని రావడం కాదు, పక్కవాణ్ణి నిలబెట్టడం. మన సంఘం పెట్టుకున్న ఉద్దేశం కూడా ఇదే గదా.

మన ఊళ్లలో ఆ పక్కన కూర్చునే వాళ్లు తగ్గిపోతున్నారు. ఉర్సు వచ్చిందంటే ఖవ్వాలీకి హార్మోనియం మనిషిని దూరంనుంచి పిలిపించుకుంటున్నాము. నాటక సమాజాలవారూ ఇదే చెబుతున్నారు. వాయించిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వారి పెట్టెలు అటకలమీద ఎలుకల పాలవుతున్నాయి. అందుచేత మూడు మనవులు చేసి ముగిస్తాము.

ఒకటి, ఎవరి ఇంట్లోనైనా అటక మీద పాత హార్మోనియం ఉంటే సంఘానికి ఇప్పించండి. బాగుచేయించి రీడింగు రూములో ఉంచుదాము. కొనలేని ఇంటి పిల్లలు రోజుకు ఇరవై నిమిషాలు దాని ముందు కూర్చుంటారు. రెండు, ఆడపిల్లలను కూడా పంపండి. బయటికి పంపడానికి ఇబ్బంది ఉన్న ఇళ్లలో తల్లి గాని నానీ గాని తోడు వచ్చి కూర్చోవచ్చు. కూర్చున్నవారు కూడా నేర్చుకుంటే మరీ సంతోషం. మూడు, ఇంకా వాయించగలిగిన పెద్దలు ఉన్నంతలోనే వారి దగ్గరికి పిల్లల్ని తీసుకుపోండి. వారు రికార్డులకెక్కలేదు, పుస్తకాలు రాయలేదు. వారికి తెలిసింది వారి వేళ్లలోనే ఉంది. అది ఎదురుగా కూర్చున్నవారికే అందుతుంది.

పిల్లలకు ఒక్క మాట. మొదటి నెల విసుగు పుడుతుంది. రెండో నెల మానేద్దామనిపిస్తుంది. మూడో నెలలో ఒకరోజు, పెట్టె మూసి ఉండగా, మీ గొంతు తనంతట తానే షడ్జం మీద నిలబడుతుంది. తెరిచి నొక్కి చూస్తే సరిగ్గా సరిపోతుంది. ఆ రోజునుంచి మిమ్మల్ని ఎవరూ ఆపనక్కరలేదు, ఎవరూ తోయనక్కరలేదు.

 అల్లాహ్ మన పిల్లలకు మంచి చెవిని, మంచి గొంతును, వాటికంటే ముందు మంచి ఓపికను ప్రసాదించుగాక. ఖుదా హాఫిజ్.